మూడో బిడ్డ సంగతి తర్వాత, ముందు సాయంత్రం ఆరున్నర సంగతి

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి,



పిల్లల్ని ఇంకాస్త ఎక్కువమందిని కనమని కొంతకాలంగా మీరు చెబుతున్నది నాలాంటివాళ్ళకే. నాకు ముప్పై మూడేళ్ళు. గుంటూరులో ఉంటాం. పాపకి నాలుగున్నర, బాబుకి ఈమధ్యే ఏడాది నిండింది. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే. నేను ఒక ఆడిటరు గారి ఆఫీసులో లెక్కలు చూస్తాను. మా ఆయన మందుల కంపెనీ బ్యాగు తగిలించుకుని డాక్టర్ల చుట్టూ తిరుగుతాడు. మీ మాట మా ఇంట్లో చర్చకి వచ్చింది, వద్దనే అనుకున్నాం. ఎందుకు వద్దనుకున్నామో మీ అధికారుల అంచనాల్లోకి ఎక్కుతుందో లేదోనని ఈ ఉత్తరం. మీ ఇంటి లెక్క నేను అడగను, మా ఇంటి లెక్క చెబుతాను. లెక్కలు చెప్పడమే నా పని కూడాను.

మా అమ్మ తరానికి ప్రభుత్వం వేరే మాట చెప్పింది. ఆస్పత్రి గోడల మీద ఎర్ర త్రికోణం, పక్కనే ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’. అమ్మ బుద్ధిగా విన్నది. నేను, నా తర్వాత తమ్ముడు, ఆ పురిట్లోనే ఆపరేషన్. ఆవిడొక్కతే కాదు, రాష్ట్రమంతా విన్నది. 1992–93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019–21 సర్వే వచ్చేసరికి మన రాష్ట్రంలో 1.7. విననివాళ్ళ కోసం 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఒక నిబంధన కూడా ఉండేది: ఇద్దరిని మించితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డానికి లేదు. 2024 నవంబరులో శాసనసభ దాన్ని ఎత్తేసింది. అంతకు నెల ముందే మీరు ఎక్కువమంది పిల్లల మాట ఎత్తారు. ఒకప్పుడు జనాభా తగ్గించాలని చెప్పింది కూడా తామేనని మీరే అన్నారు. మాట మార్చారని నేను తప్పు పట్టను. ఊళ్ళలో ముసలివాళ్ళు మిగిలి, బళ్ళలో పిల్లలు పలచబడుతున్న సంగతి నాకూ కనిపిస్తూనే ఉంది.

అయితే ఒక చిక్కుంది. ఆ 2019–21 సర్వే లెక్క ప్రకారమే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. పదిమందికి ఇంతమంది దేశంలో మరెక్కడా లేరు. అంటే మీ పిలుపు వాళ్ళ చెవిన పడేసరికే పని అయిపోయింది. మిగిలిన ముగ్గురిలో నేనొకత్తెని. బాబు పుట్టినప్పుడు థియేటర్లోకి తీసుకెళ్ళే ముందు నర్సు నన్నడిగింది, ‘రెండోది కదా, అది కూడా చేసెయ్యమంటారా?’ అని, కాఫీలో పంచదార ఎంత వెయ్యమంటారన్నంత మామూలుగా. మీరు గోడ మీది రాత మార్చారు గానీ ఆ ప్రశ్న ఇంకా మారలేదు.

ఇక మా ఇంటి సంగతి.

పాప ఎల్‌కేజీ. స్కూలు ఆటో ఏడూ యాభైకి వీధి చివరికొస్తుంది. పాప లేవదు. లేస్తే పళ్ళు తోముకోదు. తోముకుంటే కుడికాలి సాక్సు ఎడమకాలికి వేశానంటుంది. రెండూ ఒకటేనే అని వాదించకూడదు, వాదిస్తే ఆటో వెళ్ళిపోతుంది. విప్పి, అటుదిటు మార్చినట్టు నటించి, మళ్ళీ అదే తొడగాలి. స్నాక్స్ బాక్సులో ఏ రోజు ఏం పెట్టాలో స్కూలువాళ్ళు కాయితం పంపించారు. మంగళవారం మొలకెత్తిన పెసలట. మొలకెత్తిన పెసలు తినే నాలుగేళ్ళ పిల్ల ఈ జిల్లాలో ఎక్కడైనా ఉంటే చూపించమనండి. అవి పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నం చెక్కుచెదరకుండా తిరిగొస్తాయి. రాత్రి మా ఆయన ఉల్లిపాయ, నిమ్మకాయ పిండుకుని తింటాడు.

ఈలోగా బాబు చెప్పుల స్టాండు దగ్గరికి చేరిపోతాడు. పళ్ళొస్తున్నాయి, దొరికిందల్లా కొరకాలి. ఒక చేత్తో వాడి నోట్లోంచి చెప్పు లాక్కుంటూ రెండో చేత్తో రాగిజావ చల్లార్చుకోవాలి. జడలు మా ఆయన వంతు. బాగానే నేర్చుకున్నాడు గానీ ఇప్పటికీ రెండు జడలూ రెండు ఎత్తుల్లో వస్తాయి. పాపకి ఆ జడలే కావాలి, నేను వేస్తే ఒప్పుకోదు. ఎనిమిదిన్నరకల్లా ఆయన ఫోను మోగడం మొదలు. తొమ్మిదింబావుకి నేను స్కూటీ తియ్యాలి. గుమ్మంలోకి రాగానే బాబుకి అర్థమైపోతుంది. ఏడుపు వీధి మలుపు దాకా వినిపిస్తుంది, తర్వాత వినిపించదు.

పాప బడికి వెళ్ళి నేర్చుకొచ్చిన మొదటి చదువు జలుబు. అది ముందు తనకి, తర్వాత తమ్ముడికి, చివర నాకు. పారాసిటమాల్ సిరప్ ఎవరికెంత పొయ్యాలో ఫ్రిజ్ తలుపుకి రాసి అంటించాం, నిద్రమత్తులో ఒకరిది ఒకరికి పొయ్యకుండా. వానాకాలం మొదలయ్యాక నా సెలవులు దసరా దాకా ఆగవు.

ఇదంతా కష్టాల చిట్టా అనుకోకండి. ఇందులో నాకు నవ్వొచ్చేవే ఎక్కువ. బాబు మొదట పలికింది అమ్మ కాదు, నాన్న కాదు, వాళ్ళక్క పేరు. సగమే వస్తుంది, ఆ సగానికే పాప ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది. వాడు వేలు పెట్టి చూపించేదేదీ మాకు అర్థం కాదు. ‘తమ్ముడికి నీళ్ళు కాదమ్మా, ఆ గ్లాసు మూత కావాలి’ అని పాపే చెబుతుంది, నిజంగానే వాడికి మూతే కావాలి. వాడు పుట్టిన కొత్తలో చూడ్డానికొచ్చిన చుట్టాలు ‘తమ్ముడొచ్చాడుగా, ఇక నిన్నెవరు చూస్తారే’ అని దాన్ని ఏడిపించారు. తరతరాలుగా నడుస్తున్న ఈ పరాచికం నాకు ఒళ్ళు మండిస్తుంది. నిన్నటిదాకా అందరి ఒళ్ళో కూర్చున్న పిల్ల ఒక్క రాత్రిలో ‘పెద్దది’ అయిపోతుంది. అయినా దానికి వాడంటే ప్రాణం. ఇద్దరు కావాలనుకున్నది ఇందుకే, ఆ విషయంలో మాకు విచారం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిదింబావు నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఆ పిల్లాడు ఎవరి చేతుల్లో ఉంటాడు? మా అత్తయ్య చేతుల్లో. ఆవిడకి అరవై మూడు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పాకే పిల్లాడి వెనక, ఇప్పుడు నడిచే పిల్లాడి వెనక గోడ పట్టుకుని తిరుగుతారు. మామయ్యగారు రేపల్లె దగ్గర ఊళ్ళో గేదెల్ని వదిలిరాలేక ఒక్కరే ఉన్నారు, అన్నం ఆయనే వండుకుంటారు. సాయంత్రాలు కూర పక్కింటివాళ్ళు ఇస్తారట. నలభై ఏళ్ళు కలిసి బతికిన మనుషులు మా పిల్లల కోసం చెరో ఊళ్ళో ఉన్నారు. ఫోన్లో వాళ్ళు మాట్లాడుకునేది గేదె ఈనిందా, బిల్లు కట్టావా అనే. మా అమ్మ నా పురుడు కాగానే హైదరాబాదు వెళ్ళింది, అక్కడ తమ్ముడి కూతురికి ఆవిడే దిక్కు.

మా ఇల్లొక్కటే ఇలా ఉందనుకోకండి. మా చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా భార్య కొడుకు దగ్గర, భర్త ఊళ్ళో; లేదా భార్య కూతురి దగ్గర, భర్త ఊళ్ళో. కాస్త కలిగినవాళ్ళయితే అమ్మమ్మ అమెరికాకి విజిటర్ వీసా మీద ఆర్నెల్లు వెళుతుంది. ఆవిడ వెనక్కొచ్చేసరికి నాయనమ్మ బయల్దేరుతుంది. మన రాష్ట్రంలో, మన వాళ్ళున్న ప్రతిచోటా, చంటిపిల్లల్ని పెంచే వ్యవస్థ ఏదైనా ఉందంటే అది అరవై దాటిన ఆడవాళ్ళే. జీతం లేదు, సెలవు లేదు, ఏ శాఖ పుస్తకంలోనూ పద్దు లేదు. ముసలితనం పెరిగిపోతోందని మీరు దిగులు పడేది వాళ్ళ గురించి, పిల్లలు కావాలని మీరు అడిగేది వాళ్ళ మోకాళ్ళ మీద.

ఇంకొకటి గమనించండి. మా అత్తయ్య పిల్లల్ని పెంచినప్పుడు ఆవిడకి ఇంట్లో ఇద్దరు ఆడపడుచులు, ఒక తోడికోడలు, మంచం మీద కూర్చునే చూసుకునే ముసలావిడ ఒకరు. మా అమ్మకి ముగ్గురు చెల్లెళ్ళు. నేను పిన్నుల చంకల్లో పెరిగాను. మా పిల్లలకి పిన్ని లేదు, ఎందుకంటే నాకు చెల్లెలు లేదు, ఎందుకంటే అమ్మ ప్రభుత్వం మాట విన్నది. మేనత్త ఒకరున్నారు, ఆవిడ పుణెలో. ఒక తరం ఇద్దరితో ఆపితే తర్వాతి తరంలో ఎత్తుకునే చేతులు తగ్గిపోతాయి. ఆ తరం ఇద్దరిని కనడానికే ఆలోచిస్తుంది, తర్వాతిది ఒక్కరితో సరిపెట్టుకుంటుంది. మీరు ఇప్పుడు తిప్పాలనుకుంటున్నది ఈ చక్రాన్ని. డబ్బిచ్చి తిప్పగలరేమో నాకు తెలియదు గానీ, డబ్బుతో మా పిల్లలకి పిన్ని పుట్టదు.

మన పెద్దలు పిల్లల ఎదుగుదలకి పిండివంటలతో కాలెండరు రాసి పెట్టారు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, నవ్వితే నువ్వుండలు, అడుగులేస్తే అరిసెలు. ఆరో నెలలో అన్నప్రాశన, భోగి సాయంత్రం నెత్తిన రేగుపళ్ళూ చిల్లర పైసలూ, కాస్త పెద్దయితే పలక మీద ఓనమాలు. ఎంత ముచ్చటైన సంప్రదాయమో అందరూ అంటారు. అందులో ఎంతమంది మనుషులు పడతారో ఎవరూ అనరు. అరిసెలు చేసిన ఇల్లు మీరూ చూసే ఉంటారు. ముందురోజు బియ్యం నానెయ్యాలి, తడి ఆరకముందే పిండి కొట్టాలి. బెల్లం పాకం ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, క్షణం ముదిరితే అరిసె రాయి, క్షణం ముందు దించితే నూనెలో విడిపోతుంది. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు గరిటెతో కలపాలి. ఒకరు ఆకు మీద తట్టాలి, ఒకరు వేయించాలి, ఇంకొకరు చెక్కల మధ్య నూనె వత్తాలి. ఆ పిల్లాడు పొయ్యి దగ్గరికి రాకుండా ఇంకొకరు ఎత్తుకోవాలి. అయిదుగురు ఆడవాళ్ళున్న ఇల్లయితేనే ఆ ముచ్చట జరుగుతుంది. కుటుంబం సైజు తగ్గించాం గానీ కాలెండరు మాత్రం పాతదే గోడకి వేలాడుతోంది.

మా బాబు అడుగులకి అరిసెలు స్వగృహ దుకాణం నుంచి కిలోల్లెక్కన వచ్చాయి. వరసగా పేర్చి వాడిని వాటి మీద నడిపించాం. రెండు అరిసెలు తొక్కి, వంగి మూడోదాన్ని నోట్లో పెట్టుకున్నాడు. ఫోటోలు బాగా వచ్చాయి. అంతకు కొన్నిరోజుల ముందు, నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, బాబు సోఫా వదిలేసి నా వైపు మూడడుగులు వేశాడు. నేను అరిచిన అరుపుకి మా ఆయన బాత్‌రూంలోంచి సబ్బు నురగతో వచ్చాడు. మొదటి అడుగు నేనే చూశానని మర్నాడు ఆఫీసంతా చెప్పుకున్నాను. పక్కింటి పిన్నిగారు మాటల్లో నోరు జారారు: వాడు రెండ్రోజులుగా పగలు నడుస్తూనే ఉన్నాడట. అత్తయ్యే ఎవరికీ చెప్పొద్దన్నారట, ‘దాన్ని చూడనివ్వండి ముందు’ అని. ఆ విషయం నాకు తెలిసినట్టు అత్తయ్యకి నేను చెప్పలేదు, ఆవిడ ఈ పత్రిక చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ప్రభుత్వానికీ ఒక కాలెండరుంది, టీకాలది. పుట్టగానే బీసీజీ, ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్, రోటా చుక్కలు, తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా, ఏడాదిన్నర ప్రాంతంలో బూస్టర్లు, అయిదేళ్ళు దాటాక ఇంకొకటి. ఈ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఆశా అమ్మాయి గుమ్మంలోకి వచ్చి మరీ గుర్తుచేస్తుంది. రాష్ట్రానికి చేతకాదు అనే మాట నేను నమ్మకపోవడానికి ఆ అమ్మాయే కారణం. సూది వేసే రోజు ప్రభుత్వానికి ఠంచనుగా గుర్తుంటుంది. ఆ సూదికీ సూదికీ మధ్య రోజుల్లో పిల్లాణ్ణి ఎవరు చూస్తున్నారన్నదే ఎక్కడా రాసి ఉండదు.

ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా బడితోనే మొదలవుతుంది. తల్లికి వందనం పథకం డబ్బు 2025 జూన్‌లో ఇచ్చారు. ఇంట్లో ఎంతమంది చదువుకుంటుంటే అంతమందికీ, ఒక్కొక్కరికి 15,000. అందులో 13,000 తల్లి ఖాతాలో, 2,000 బడి నిర్వహణకి. ఇదివరకు తల్లికి ఒక్క బిడ్డకే వచ్చేది, దాన్ని పిల్లలందరికీ చేసినందుకు సంతోషం. కానీ అది ఒకటో తరగతి నుంచి. నా ఇద్దరికీ ఒకటో తరగతి ఇంకా రాలేదు. ఆడవాళ్ళు ఉద్యోగం మానేసేది పిల్లలు ఒకటో తరగతిలో ఉండగా కాదండీ, పాకేటప్పుడు. నాతో బీకాం చదివినవాళ్ళలో లెక్కల్లో నాకన్నా గట్టివాళ్ళు ముగ్గురు రెండో కాన్పుతో ఇంట్లో కూర్చున్నారు. అత్తగారు లేకపోవడమో, ఉండి కూడా మంచాన పడటమో కారణం.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం, నా వృత్తిలో ఇది అలవాటు. పదిమంది పనిచేసే చోటయితే తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు, 2017 సవరణ నుంచి. మాది ఆ పదిమందిని దాటిన ఆఫీసే కాబట్టి నాకు దొరికింది. యాభైమంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చు. మాది యాభైకి చాలా దూరం. గుంటూరులో ఆడవాళ్ళు పనిచేసే బట్టల కొట్లు, ల్యాబులు, చిన్న స్కూళ్ళు, మా ఆఫీసుల్లాంటివి ఎన్ని యాభై దాటతాయి? పదిహేను నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకి రెండుసార్లు విరామం ఇవ్వాలని కూడా ఉంది. విరామం ఇస్తారు, పాలు తాగే పిల్లాడు మాత్రం స్కూటీ మీద ఇరవై నిమిషాల దూరంలో ఉంటాడు.

ఇప్పుడు మీ మాటకి నేరుగా అడ్డం పడేది చెబుతాను. ఇద్దరు పిల్లలున్న తల్లికి మూడో కాన్పుకి అదే చట్టం ఇచ్చే సెలవు 26 వారాలు కాదు, 12 వారాలు. మూడోవాణ్ణి కనమని రాష్ట్రం అంటుంది, కంటే మూడు నెలలకే ఆఫీసుకి రమ్మని దేశం అంటుంది. ప్రభుత్వోద్యోగినులకి పిల్లల సంఖ్యతో పని లేకుండా 180 రోజులు మీరు 2025లో ఇచ్చారు. ప్రైవేటులో ఉన్న మాకు మార్చగలిగింది కేంద్రం. ఢిల్లీలో మీ మాట చెల్లుతుందని అందరూ అంటారు, ఈ ఒక్క అంకె మీద చెల్లించి చూపించండి.

మా ఆయనకి చట్టం ఇచ్చింది సున్నా. ప్రభుత్వోద్యోగి అయితే పదిహేను రోజులుండేవి. బాబు పుట్టిన వారం ఆయన తన సెలవులు పెట్టుకున్నాడు, నెలాఖరు టార్గెట్ పోయింది, ఇన్సెంటివ్ పోయింది. స్వీడన్‌లో 1974 నుంచే పిల్లల్ని చూసుకునే సెలవు తండ్రికి కూడా ఇస్తున్నారు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి 480 రోజులు, అందులో తొంభై తండ్రి తీసుకోకపోతే తల్లికి బదలాయించడానికి లేదు. అందుకని అక్కడ పిల్లలు బిలబిలమంటున్నారని నేనను, అక్కడా తగ్గుతూనే ఉన్నారు. డబ్బు గుమ్మరించిన దక్షిణ కొరియాలో 2023లో స్త్రీకి సగటు 0.72కి దిగింది. కాబట్టి ఏది చేసినా అంకె పెరుగుతుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. కొత్త బిడ్డ కోసం కాదు, ఉన్న ఇద్దరి కోసం అడుగుతున్నాను.

డేకేర్ చూడలేదా అంటారేమో. చూశాం. ఒక పెద్ద హాలు, గోడకి టీవీ, చుట్టూ పిల్లలు, అందరికీ కలిపి ఒకే ఆయా. ఫీజు నా జీతంలో మూడోవంతు. ఆ ఆయాతో మాట్లాడాను. తన కూతుర్ని అత్త దగ్గర వదిలి వస్తోందట, పిల్లల్ని చూసుకునే ఉద్యోగానికి. వెనక్కొచ్చేశాం.

ఇదంతా అత్తయ్య ఉన్న ఇంటి గోల. అలాంటి మనిషి కూడా లేని ఇళ్ళ సంగతి వేరు. మా ఊరు మిర్చి ఊరు. కోతల కాలంలో కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా ఇటు వలస వస్తాయి. బడిలో ఉండాల్సిన పిల్లలు చేనుగట్టు మీద చంటిపిల్లల్ని ఎత్తుకుని ఉంటారు. అక్కడ కూడా పిల్లల్ని చూసుకునేది ఒక ఆడపిల్లే, అరవై మూడేళ్ళకి బదులు ఎనిమిదేళ్ళది. ఇక్కడే ఉండి కాయల తొడాలు తీసే కూలికి వెళ్ళే తల్లులు పిల్లల్ని ఆ ఘాటులోనే పక్కన పడుకోబెట్టుకుంటారు. మూడో బిడ్డకి ప్రోత్సాహకం ప్రకటిస్తే ముందు అవసరపడేది వీళ్ళకే, ముందు నలిగేదీ వీళ్ళ పెద్దపిల్లే.

మరి ఏం చెయ్యమంటావు అంటారా? కొత్త భవనాలు అక్కర్లేదు. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి, యాభై ఏళ్ళు నిండాయి. మన రాష్ట్రంలో ఏభై అయిదు వేల కేంద్రాలున్నాయి. ఏ ఆడిటరు చూసినా ఇంత పెద్ద ఆస్తిని రోజంతా వాడుకోకుండా తాళం వేసి ఉంచుతారా అని అడుగుతాడు. గుడ్లు, పాలు, తూకాలు, మూడేళ్ళు దాటినవాళ్ళకి ఆటపాటలు, అన్నీ జరుగుతాయి. మూడేళ్ళ లోపు పిల్లాణ్ణి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచుకునే ఏర్పాటు మాత్రం చాలాచోట్ల లేదు. మాలాంటి జీతగాళ్ళు కూడా అది మనకోసం కాదనుకుని కాన్వెంటు బస్సు కోసం చూస్తారు, ఆ పొగరు మాది. అంగన్‌వాడీలోనే క్రెష్ నడపడానికి కేంద్రంలో మిషన్ శక్తి కింద పాల్నా అని పథకం ఉండనే ఉంది, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం. పక్కనున్న కర్ణాటక ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం 2023లో ‘కూసిన మనె’ పేరుతో పంచాయతీల్లో శిశు కేంద్రాలు మొదలుపెట్టింది. మనం ఊహించలేనిదేమీ కాదు.

ఒక్క సంగతి. ఇదంతా ఇప్పుడున్న అంగన్‌వాడీ టీచరమ్మ నెత్తినే పెడితే నేను ఈ ఉత్తరం రాయనట్టే లెక్క. ఆవిడ ఇప్పటికే ఫోనులో వివరాలు ఎక్కించడం, కిట్లు పంచడం, సర్వేలు, ఓటర్ల పని మోస్తోంది. 2023 డిసెంబరులో మొదలుపెట్టి అంగన్‌వాడీలవాళ్ళు 42 రోజులు సమ్మె చేశారు, అప్పటి ప్రభుత్వం ఎస్మా చట్టం ప్రయోగించింది. అప్పుడు మీరు ప్రతిపక్షంలో ఉన్నారు, ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. క్రెష్‌కి వేరే మనుషులు కావాలి, వాళ్ళకి గౌరవవేతనం పేరుతో కాకుండా జీతం పేరుతో ఇవ్వాలి. మేం చూసిన డేకేర్ ఆయా లాంటివాళ్ళకి, తన కూతుర్ని కూడా తెచ్చుకోగలిగే ఉద్యోగం అది.

మా వార్డులో అంగన్‌వాడీ మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంది. నీలం గేటు, వేపచెట్టు, మంచినీళ్ళ కుళాయి, పైన ఫ్యాను, అన్నీ ఉన్నాయి. మూడో బిడ్డకని మీరు పక్కన పెట్టాలనుకుంటున్న డబ్బేదైనా ఉంటే, దాంతో ఆ గదిలో ఇద్దరు ఆయాల్ని పెట్టి సాయంత్రం ఆరున్నర దాకా తెరిచి ఉంచండి. మా అత్తయ్య రేపల్లె వెళ్ళిపోతారు, మామయ్యగారికి అన్నం వండిపెట్టే మనిషి వస్తుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. ఆ తర్వాత మూడో బిడ్డని కంటామా అంటే, కంటామని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను. మా ఆయన కూడా అదే రాయమన్నాడు.

ఇట్లు,
గుంటూరు నుంచి, ఇద్దరు పిల్లల తల్లి